అమ్మలూ, నీకు కౌన్సెలింగ్ నేనెందుకు చెయ్యనంటే

అమలాపురం

అమ్మలూ,

"నువ్వు చేసేదే ఆ పని కదమ్మా, మళ్ళీ నేనింకొకళ్ళ దగ్గరికి వెళ్ళడం ఎందుకు?" అని ఫోన్లో అడిగావు. కన్నవాళ్ళు పిల్లలకి కౌన్సెలర్లుగా కూర్చోకూడదు. మా వృత్తిలో అది గట్టి నియమం. నాకెక్కడ బాధ కలుగుతుందోనని నువ్వు సగం దాస్తావు. చెప్పిన ఆ సగానికే నేను గాభరా పడి సలహాలు మొదలెడతాను. అందుకని వినే పని ఇంకొకళ్ళకి వదిలేసి, ఎవరి దగ్గరికి, ఎలా వెళ్ళాలో మాత్రం రాస్తున్నాను.

నిద్ర లేకపోవడం, పీహెచ్‌డీ గైడు మెయిల్ చూస్తే దడ, ఫెలోషిప్ ఆగడం, నాలుగో ఏడొచ్చినా రెండో పేపరు కాకపోవడం అన్నీ ఒకే మూట కట్టి చెప్పావు. ముందు ఆ మూట విప్పు. ఒక్కోదానికి ఎక్కాల్సిన గుమ్మం వేరు. "కౌన్సెలింగ్ వల్ల ఒరిగిందేం లేదు" అనే పీహెచ్‌డీ పిల్లల్లో చాలామంది, ఆఫీసులో తేలాల్సినదాన్ని కౌన్సెలర్ గదికి తీసుకెళ్ళినవాళ్ళే. ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం కౌన్సెలర్ నేర్పుతుంది. ఫెలోషిప్ డబ్బు మాత్రం దానివల్ల రాదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. జేఆర్‌ఎఫ్, అంటే యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఇచ్చే నీ పరిశోధన ఫెలోషిప్, నెలకి 37,000 అని కాగితం మీద ఉన్నా, మీ యూనివర్సిటీవాళ్ళు నెలనెలా యూజీసీ పోర్టల్లో కన్ఫర్మేషన్ ఇవ్వకపోతే అకౌంట్లో పడదు. ఫెలోషిప్ సెక్షన్‌కి వెళ్ళి ఏ నెల దగ్గర ఆగిందో అడుగు, జవాబు రాతలో తీసుకో. ఇక గడువు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్ళు, ఆడపిల్లలకి ఆపైన మరో రెండేళ్ళ వెసులుబాటు ఉంది. నాలుగో ఏడంటే కొంప మునిగిపోలేదు.

గైడుతో పేచీ ఇంకో గుమ్మం. ఆ నిబంధనల్లోనే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రతి సెమిస్టరూ నీ పని చూపించాలని ఉంది. దాన్ని మొక్కుబడిగా కానివ్వకు. ఏది అయింది, ఏది ఆగింది, ఎవరి దగ్గర ఆగింది అన్నది ఒక పేజీలో రాసి ఇచ్చి, మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో ఎక్కించమను. రేపు గైడుని మార్చుకోవాలన్నా ఆ కాగితాలే నీకు సాక్ష్యం. అక్కడా తేలకపోతే విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉంది. 2023 నిబంధనల ప్రకారం వాళ్ళు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే విద్యార్థుల అప్పీళ్ళు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు.

ఇంకో మాట. నీకు అవసరం పడకపోవచ్చు, నీ ల్యాబ్‌లో ఎవరికైనా పడొచ్చు. లైంగిక వేధింపు గురించి కౌన్సెలర్ దగ్గర చెప్పుకుంటే అది ఫిర్యాదు కింద లెక్కకి రాదు. వేధింపు ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీకి, అది జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. "మేడమ్‌కి చెప్పాను కదా" అనుకుని ఊరుకుంటే ఈలోగా గడువు దాటిపోతుంది.

ఇక ఒంటి సంగతి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళే ముందే హెమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బి12 పరీక్షలు చేయించుకో. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా నీరసం, ఏకాగ్రత లేకపోవడం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి. కాఫీ మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున్న లేచే టైము మాత్రం మార్చకు.

ఇప్పుడు అసలు సంగతి, కౌన్సెలర్ గది. వెళ్ళే ముందురోజు పీహెచ్‌క్యూ-9 అని దిగులు ఎంతుందో కొలిచే ప్రశ్నాపత్రం నింపు. తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా, మొత్తం 27. తెలుగులోనూ ఉంది. పదీ అంతకు మించీ వస్తే ఎవరికో ఒకరికి చూపించుకోవాల్సిన స్థాయి, ఇరవయ్యీ అంతకు మించీ వస్తే తీవ్రం. అయితే అది జబ్బు పేరు తేల్చదు, జ్వరం ఎంతుందో చెప్పినట్టు తీవ్రత చెబుతుంది, అంతే. తొమ్మిదో ప్రశ్న ఒక్కటీ వేరు. చచ్చిపోతే బావుండు, నన్ను నేను గాయపరచుకుంటే బావుండు అనే ఆలోచనల గురించి అడుగుతుంది. దానికి సున్నా కాక ఏం వచ్చినా, మొత్తం ఎంతున్నా, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి.

ఎవరి దగ్గరికి? కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్‌కి మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మొహమాటపడకుండా అడుగు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందు రాసే అధికారం ఆయనది. కొన్ని చోట్ల పాఠాలు చెప్పే లెక్చరర్‌కో, వార్డెన్‌కో "స్టూడెంట్ కౌన్సెలర్" అని అదనపు బాధ్యత అంటగడతారు. నీ మార్కులూ హాజరూ చూసే మనిషి దగ్గర మనసు విప్పకు. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, కానీ ఆ కుర్చీ ఇందుకు పనికిరాదు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మీ దగ్గర లేకపోతే నలుగురూ సంతకాలు పెట్టి రిజిస్ట్రార్‌కి రాయండి.

మొదటి సిట్టింగు 45, 50 నిమిషాలు ఉంటుంది. అందులో ఓదార్పు పెద్దగా ఉండదు, ప్రశ్నలే ఎక్కువ: నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా, తాగుడు, మందులు, చావు ఆలోచనలు. "ఇంతేనా!" అని చాలామంది రెండోసారి వెళ్ళరు. అది పునాది తవ్వడం లాంటిది, గోడలు లేవలేదని వెనక్కి రాకు. సమ్మతి కాగితం మీద సంతకం పెట్టే ముందు నువ్వూ నాలుగు ప్రశ్నలు అడుగు. నా ఫైలు ఎక్కడ ఉంటుంది? డిపార్ట్‌మెంట్‌కి కనిపిస్తుందా? ఎన్ని సిట్టింగుల దాకా ఇస్తారు? నా మాట బయటికి చెప్పాల్సి వచ్చేది ఎప్పుడు? నీకో ఇంకొకరికో ప్రాణాపాయం ఉన్నప్పుడూ, చట్టం అడిగినప్పుడూ చెప్పాల్సి వస్తుందని నిజాయితీగా చెప్పేవాళ్ళు మంచివాళ్ళు. "ఏదీ ఎప్పటికీ బయటికి పోదు" అన్నవాళ్ళని కొంచెం అనుమానించు.

"స్ట్రెస్‌గా ఉంది" అని మొదలెట్టకు, దాన్నిబట్టి ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇంట్లో నాతో చెప్పినట్టే చెప్పు: మూడింటికే తెలివొచ్చేస్తోంది, అన్నం సయించట్లేదు, ల్యాబ్ మెట్లెక్కుతుంటే కాళ్ళు లాగుతున్నాయి. ఎప్పటినుంచి, వారంలో ఎన్ని రోజులు అన్నది కూడా చెప్పు. భయమేస్తే కాగితం మీద రాసుకెళ్ళి చదివెయ్, ఎవరూ తప్పు పట్టరు.

తర్వాతి సిట్టింగుల్లో ఏం చేస్తారో నీ విషయంలోనే చెబుతాను. గైడు మెయిల్ తెరవకుండా పక్కన పెడతావు. పెట్టగానే గుండె కుదుటపడుతుంది. ఆ క్షణం హాయే అసలు చిక్కు, తప్పించుకుంటే సుఖం అని మెదడు నేర్చుకుంటుంది. మర్నాటికి అదే మెయిల్ ఇంకా బరువెక్కుతుంది, నాలుగో రోజుకి గైడు ముఖం చూడలేని స్థితి వస్తుంది. సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స, చేసేవాళ్ళు ఈ చక్రాన్ని నీచేతే కాగితం మీద గీయించి, అందులో ఒక్క చోట తెంపిస్తారు. ఉదాహరణకి మెయిల్ వచ్చిన రోజే మూడు వాక్యాల జవాబు: ఏది అయింది, ఏది కాలేదు, ఏ తేదీకి ఇస్తాను. క్షమాపణలు, సంజాయిషీలు వద్దు. థీసిస్ కూడా అంతే. "అధ్యాయం రాస్తాను" అని కూర్చుంటే లేచిపోతావు, "మూడో పట్టిక కింద శీర్షిక రాస్తాను, 25 నిమిషాలు" అంటే కూర్చుంటావు. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఆగకు, దిగులులో పని ముందు, ఉత్సాహం తర్వాత. ఇలాంటి ఇంటిపని ఇవ్వకుండా వారంవారం కబుర్లతో గడిపేస్తుంటే అడుగు. సీబీటీ మామూలుగా 12 నుంచి 20 సిట్టింగులు. మూడు నాలుగు అయ్యాక పీహెచ్‌క్యూ మళ్ళీ నింపి చూసుకో.

"సర్దుకో", "పెళ్ళి చేసుకుంటే అన్నీ పోతాయి", "గుడికి వెళ్ళు" అనేవాళ్ళూ, సొంత కథలు చెప్పేవాళ్ళూ, నిన్నడక్కుండా గైడుకి ఫోన్ చేసేవాళ్ళూ తగిలితే మారిపో. గుడికి నువ్వెలాగూ వెళ్తావు, దానికి ఫీజు దండగ.

మందు అవసరమని సైకియాట్రిస్ట్ అంటే భయపడకు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి దిగులు తగ్గించే మందులు పనిచెయ్యడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే రావచ్చు. అందుకే జనం సరిగ్గా తప్పు సమయంలో మానేస్తారు. తేరుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు. ఠక్కున ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం ఉంటాయి, డాక్టరే డోసు తగ్గిస్తూ ఆపాలి. వీటికి అలవాటు పడిపోయే గుణం లేదు. ఆ గుణం ఉన్నది ఆందోళనకి, నిద్రకి వాడే ఆల్ప్రజోలామ్ లాంటి బిళ్ళలకి. మన ఊళ్ళలో మందుల షాపులో "నిద్ర పట్టట్లేదండీ" అంటే చీటీ లేకుండా చేతిలో పెట్టేస్తుంటారు, వాటిని నీ అంతట నువ్వు ముట్టుకోవద్దు.

ఎవరైనా చూస్తారేమోనని సందేహిస్తావని తెలుసు. మన కోనసీమలో బస్సెక్కితే పక్క సీటువాళ్ళు మేనత్త తోడికోడలో, వాళ్ళ వియ్యపురాలో అవుతారు. అందుకే దగ్గరలోనే కాకినాడ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉన్నా విశాఖ దాకా పరిగెడతారు. నీకు అలా దూరమే నెమ్మది అనిపిస్తే దూరమే వెళ్ళు, లేదా వీడియోలో మాట్లాడు. కానీ రూమ్మేట్ ఉన్న గదిలోంచి వీడియో సిట్టింగు పెట్టుకోకు, సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. చట్టం నీవైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం నీ వైద్యం వివరాలు గోప్యం. మేము అడిగినా డాక్టరు చెప్పక్కర్లేదు. అవసరం పడితే నీ తరఫున మాట్లాడే ప్రతినిధిని 14వ సెక్షన్ కింద తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి నియమించుకోవచ్చు. అది మేమే కానక్కర్లేదు. నీ స్నేహితురాలి పేరు రాసినా మీ నాన్న ఏమీ అనుకోరు, ఆయన్నడిగే రాస్తున్నాను.

అర్ధరాత్రి దిగులు ముంచుకొస్తే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు. ప్రాణం మీదికి వచ్చినట్టుంటే 112. మనసు బావున్న రోజునే ఒక కాగితం రాసి పెట్టుకో: ముంచుకొచ్చే ముందు కనిపించే గుర్తులు, ఒంటరిగా చేయగలిగేది, వెళ్ళి కూర్చోగలిగే చోటు, ఫోన్ చేయగలిగే ఇద్దరు, డాక్టరు నంబరు, ప్రమాదమైనవి ఎవరి దగ్గర దాచి పెట్టాలి అన్నది. నీ స్నేహితుల్లో ఎవరైనా చావు గురించి మాట్లాడితే "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకు, రహస్యంగా ఉంచుతానని మాటివ్వకు.

ఫీజు సంగతి. క్యాంపస్‌లో దొరికితే సరే. బయట చూపించుకోవాల్సి వస్తే నెలకి నాలుగు సిట్టింగులకి సరిపడా ప్రతి ఒకటో తారీఖునా నీ అకౌంట్లో వేస్తాను. ఎవరి దగ్గరికి వెళ్తున్నావో చెప్పక్కర్లేదు, రసీదులు పంపక్కర్లేదు. కమిటీ మీటింగు రోజూ, దాని ముందురోజూ తప్ప వేరే ఏ రోజైనా అపాయింట్‌మెంట్ పెట్టుకో.

అమ్మ