ఎలైజా బూరకు ఒక్క లైను: బహిరంగ లేఖ

చారిత్రక ఫలకాలు చూసే పెన్సిల్వేనియా అధికారి గారికి,

మీ రాష్ట్రంలోని క్రిస్టియానా ఊరి దగ్గర 1851 సెప్టెంబర్ 11న జరిగినదాన్ని ఇప్పటికీ చాలామంది ‘అల్లర్లు’ అంటారు. అల్లరి చేసిందెవరండీ? మేరీలాండ్ నుంచి ఎడ్వర్డ్ గోర్సచ్ తెల్లవారుజామున మనుషుల్ని వెంటేసుకొచ్చి, పారిపోయిన తన బానిసల్ని అప్పగించమన్నాడు. వాళ్లకు తన ఇంట్లో ఆశ్రయమిచ్చిన నల్లజాతి మనిషి విలియం పార్కర్ ససేమిరా అన్నాడు. ఆయన భార్య ఎలైజా మేడమీద బూర అందుకుంది. కింది నుంచి తుపాకులు పేలుతుంటే మోకాళ్ల మీద కూర్చుని, బూరను కిటికీకి ఆనించి ఊదుతూనే ఉంది. చుట్టుపక్కల నల్లజాతివాళ్లు పరుగెత్తుకొచ్చారు. గోర్సచ్ చనిపోయాడు. 38 మందిపై దేశద్రోహం కేసు పెట్టినా ఒక్కరికీ ఆ శిక్ష పడలేదు.

ఫలకం మీద జాగా తక్కువే, తెలుసు. అయినా మళ్లీ అక్షరాలు పోతపోయించేటప్పుడు ‘ప్రతిఘటన’ అని రాయించండి, ఎలైజా బూరకు ఒక్క లైను ఉండేలా చూడండి. పక్కన కారు ఆపుకునే చోటు కూడా.

ఇట్లు,
ఒక తెలుగు ప్రవాసి