ఎనిమిదో తరగతి ‘కరెంట్ షాక్’ సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

బుధవారం రాత్రి నుంచి గ్రూపుల్లో ‘స్కూల్లో పిల్లలకు కరెంట్ షాక్’ అని తిరుగుతున్న మెసేజ్ గురించే ఈ ఉత్తరం. ఆ క్లాసులో ప్లగ్గు లేదు, వైరు లేదు. ప్లాస్టిక్ దువ్వెనలు, కాగితం ముక్కలు, కాస్త అల్యూమినియం ఫాయిల్, అంతే. స్వెటర్ వేసుకున్న ఒక బాబు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి స్టీలు గొళ్ళెం ముట్టుకుంటే వేలికి చురుక్కుమంది. ఈ చలికాలం పొడిగాలికి ఇంట్లో దుప్పటి మడతపెట్టేటప్పుడు కూడా అలాగే అంటుంది. వాడు నవ్వుతూ మళ్ళీ చేసి చూపించాడు.

మీరు మాట్లాడుకోవాల్సింది ఇంకొకటుంది. పొడి జుట్టుకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగేసరికి, “కాగితానికి ఏ ఆవేశమూ (ఎలక్ట్రిక్ చార్జ్) లేదు కదా టీచర్, మరి ఎందుకొస్తోంది?” అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. ఏడాదంతా నోరు విప్పని పిల్ల! టీచర్ కొంచెం అందిస్తే బొమ్మ తనే బోర్డు మీద గీసింది. రుద్దినప్పుడు దువ్వెనకు ఎలక్ట్రాన్లు చేరి ఋణావేశం (నెగటివ్ చార్జ్) వచ్చింది. అది దగ్గరకు రాగానే కాగితం అణువుల్లో ఎలక్ట్రాన్లు రవ్వంత అవతలికి జరుగుతాయి, ఇవతల ధనావేశం (పాజిటివ్ చార్జ్) తేలుతుంది. మొత్తమ్మీద కాగితం తటస్థమే, కానీ లాగే వైపు దగ్గర, తోసే వైపు దూరం, అందుకే లాగుడే గెలుస్తుంది. ఫాయిల్ ముక్క మాత్రం దువ్వెనను తాకి చటుక్కున ఎగిరిపోయింది, తాకగానే దువ్వెన ఆవేశమే దానికీ అంటింది, ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి. “అయితే దగ్గరకొస్తే ఆవేశం ఉందని చెప్పలేం, దూరం జరిగితేనే చెప్పగలం” అంది ఆ పిల్ల. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆవేశమున్న వస్తువు దగ్గరకు రాగానే పక్క వస్తువులో ఆవేశాలు ఇలా జరగడమే స్థిర విద్యుత్ ప్రేరణ. దీన్ని 1753లో గుర్తించిన జాన్ కాంటన్ కూడా లండన్‌లో బడిపంతులే. చేత్తో చేసి చూసిన పాఠం పిల్లలు మరిచిపోరు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీ పడితే పరీక్ష మర్నాటికి ఏమీ మిగలదు. ఇరవై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను, ఇకముందూ చెబుతాను.

తలకు నూనె లేకుండా పంపండని డైరీలో రాశాం. సగం మంది కొబ్బరినూనె కారుతూ వచ్చారు, ఆ జుట్టుకు ఎంత రుద్దినా దువ్వెనకు ఆవేశం సరిగ్గా పట్టదు. మీరు ప్రేమతోనే పెట్టారని తెలుసు, దయచేసి డైరీ కూడా ఒకసారి తెరవండి. రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ పెట్టేముందు పక్కనే ఉన్న పిల్లవాణ్ణి ఒక్క మాట అడగండి.

ఫీజు, ఐడీ కార్డులు, బిర్లా సైన్స్ మ్యూజియం ట్రిప్ పర్మిషన్ స్లిప్పులు, అన్నీ సంక్రాంతి సెలవులకు ముందే ఇచ్చేయండి.

అనుమానం ఉన్నవాళ్ళు శనివారం మొదటి పీరియడ్‌కు వచ్చి కూర్చోండి, ఆ అమ్మాయే చేసి చూపిస్తుంది. దువ్వెన తెచ్చుకోండి, తలకు నూనె రాసుకోకండి.

మీ హెడ్‌మిస్ట్రెస్