‘డిస్మిస్డ్’ అంటే ఏమిటో మా బావకు చెప్పండి: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను చెన్నై తంబుచెట్టి వీధిలో ముప్పై ఎనిమిదేళ్లు వకీలు గుమస్తాగా పనిచేసి మానుకున్నవాణ్ణి. హైకోర్టుకు ఎదురుగా ఉన్న ఆ సందుల్లో కట్టలు మోయడం, సర్టిఫైడ్ కాపీల కోసం కిటికీల దగ్గర నిలబడటం, ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితాలో, అదే కాజ్ లిస్టులో, మా నంబరు వెతుక్కోవడం, ఇదే నా చదువు. లా డిగ్రీ లేదు. సుప్రీంకోర్టు ఒక కేసును వినకుండా కొట్టేసినప్పుడు ఎందుకో రెండు మాటలు చెప్పాలని అడగడానికే ఈ లేఖ. ఈ లేఖలో అక్కడక్కడా ఆర్టికల్ నంబర్లు తగులుతాయి, కట్టలు మోసిన చేతికి అంటిన మసి అనుకోండి.

మా అక్క మొగుడిది పళ్లిపట్టు తాలూకా. పళ్లిపట్టు, తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోవి. ఆ రోజు నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాయి. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, రాష్ట్రం మారింది. అందుకే అక్కడి పాత పెట్టెల్లో దస్తావేజులు తెలుగులో ఉంటాయి. బావ వాళ్ల నాన్న, ఇద్దరు పెదనాన్నలు 1956లో రాసుకున్న భాగపరిష్కారంలో ఒక వాక్యం ఉంది: "కపిల బావిలో మూడో వంతు చిన్నవాడికి." కపిల అంటే ఎద్దులతో నీళ్లు తోడే మోట. చిన్నవాడంటే బావ వాళ్ల నాన్న. వంతు అంటే మనకు వాటా, వంతు అంటే మనకు టర్ను కూడా. మూడింట ఒక భాగం బావి మాది అని బావ. కాదు, మేమిద్దరం తోడుకున్నాక మూడో టర్ను నీళ్లు మాత్రమే మీవి, బావి మాదే అని పెదనాన్న కొడుకు. దస్తావేజు తెలుగులో, దావా తమిళంలో, హైకోర్టులో అప్పీలు ఇంగ్లీషులో. అనువదించిన పెద్దమనిషి ఎవరో గానీ టర్ను అనే రాసిపెట్టాడు. మున్సిఫ్ కోర్టులో పోయింది, సబ్ కోర్టులో పోయింది, హైకోర్టులో సెకండ్ అప్పీలు పోయింది. ఈ మూడు మెట్లు ఎక్కి దిగేలోపు కపిల పోయి మోటారు వచ్చింది, మోటారు పోయి బోరు వచ్చింది. బావిలో నీళ్లూ లేవు. అయినా కేసు మనిషికి పట్టుకుంటే నీళ్ల కోసం ఆడరు కదండీ.

2022లో ఎస్సెల్పీ (స్పెషల్ లీవ్ పిటిషన్) వేశాం. అంటే రాజ్యాంగం 136వ ఆర్టికల్ కింద, అప్పీలు చేసుకోవడానికి అనుమతి ఇమ్మని సుప్రీంకోర్టును అడగడం. కోవిడ్ తర్వాత వీడియోలో విచారణ అలవాటైంది కాబట్టి బావ ఢిల్లీ వెళ్లలేదు. మా పాత వకీలు గారి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మా నంబరు వచ్చింది. మా ఢిల్లీ వకీలు దస్తావేజు పేజీ నంబరు చెప్పారు. జడ్జిగారు ఏదో అడిగారు, ఈయన ఏదో చెప్పారు. నేను గ్లాసు కింద పెట్టేలోపు "డిస్మిస్డ్" అని వినిపించింది. పక్క కేసు మొదలైంది.

"ఏమబ్బా, అయిపోయిందా?" అన్నాడు బావ.

"అయిపోయింది బావా."

"వంతంటే ఏందని అడిగినారా?"

నాకు జవాబు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్లు కోర్టు గుమ్మంలో బతికినవాణ్ణి, నాకే తెలియలేదు. తర్వాత వచ్చిన ఉత్తర్వులో ఉన్నది ఇంతే: పిటిషనర్ వకీలును విన్నాం, హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోదలచుకోలేదు, పిటిషన్ కొట్టివేశాం, పెండింగ్ దరఖాస్తులు ఏమైనా ఉంటే అవీ ముగిశాయి. అదే వారం ఊళ్లో అవతలివాళ్లు గంగమ్మ గుళ్లో కొబ్బరికాయ కొట్టి, "బావి మాదేనని సుప్రీంకోర్టే చెప్పింది" అని చాటుకున్నారు. బావ కూడా అదే నమ్మాడు. ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు.

కానీ సుప్రీంకోర్టు అలా చెప్పలేదు మంత్రిగారూ. నా గోడు అంతా ఇక్కడే ఉంది.

కోర్టు తప్పు చేసిందని నేను అనడం లేదు. మూడు కోర్టులు ఒకే మాట చెప్పాక నాలుగో కోర్టు మళ్లీ సాక్ష్యాలు విప్పి చూడదు, అది న్యాయమే. దస్తావేజుకు అర్థం చెప్పడం చట్టపు ప్రశ్న అని మా వకీలు వాదన. అది నిలబడలేదు, సరే. నేను చెప్పేది వేరే సంగతి. అనుమతి ఇవ్వకుండా ఎస్సెల్పీని కారణాలు రాయకుండా కొట్టేస్తే, హైకోర్టు తీర్పు సరైనదని సుప్రీంకోర్టు ముద్ర వేసినట్టు కాదు. 2000లో కున్హాయమ్మద్ కేసులో సుప్రీంకోర్టే ఈ మాట చెప్పింది. తలుపు తీయలేదు, అంతే. లోపల ఏముందో చూసి తీర్పు చెప్పినట్టు కాదు. హైకోర్టులో రివ్యూ, అంటే ఇచ్చిన తీర్పునే మళ్లీ చూడమని అడిగే దారి కూడా దానివల్ల మూసుకుపోదు. 2019లో ఖోడే డిస్టిలరీస్ కేసులో ముగ్గురు జడ్జీలు దాన్నే మళ్లీ ఖాయం చేశారు. ఈ సంగతి వకీళ్లకు తెలుసు, జడ్జీలకు తెలుసు. కొబ్బరికాయ కొట్టినవాళ్లకు తెలియదు, కొట్టించుకున్నవాళ్లకీ తెలియదు.

సామాన్యుడి లెక్కలో సుప్రీంకోర్టు అంటే పై అప్పీలు కోర్టు. కింద ఓడితే పైన, అక్కడా ఓడితే ఇంకా పైన. రాజ్యాంగం అలా లేదు. సివిల్ కేసులో హక్కుగా అప్పీలు వెళ్లాలంటే 133వ ఆర్టికల్ కింద హైకోర్టే సర్టిఫికెట్ ఇవ్వాలి: ఇందులో దేశానికంతటికీ పనికొచ్చే పెద్ద చట్టపు ప్రశ్న ఉంది, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలి అని. ఒకప్పుడు ఇరవై వేల రూపాయల విలువ అనే కొలత కూడా ఉండేది. 1972లో చేసిన ముప్పయ్యో సవరణతో దాన్ని తీసేశారు, మంచి పని చేశారు. కోట్ల ఆస్తి ఉన్నవాడి ప్రశ్న చిన్నదీ కావచ్చు, కుంట భూమి ఉన్నవాడి ప్రశ్న పెద్దదీ కావచ్చు. ఆ సర్టిఫికెట్ దొరకడం అరుదు కాబట్టి అందరూ 136 దగ్గర చేరతారు. అది హక్కు కాదు, కోర్టు విచక్షణ. 1950లోనే ప్రీతమ్ సింగ్ కేసులో ఆ గీత గీశారు: ప్రత్యేక పరిస్థితులు ఉండి, పెద్ద అన్యాయం జరిగితేనే.

క్రిమినల్ కేసుల్లో ఈ తేడా ఇంకా పదునుగా ఉంటుంది. పుళల్ జైలుకు వకాలత్ సంతకాల కోసం నేను చాలాసార్లు వెళ్లాను. ఒకే నేరానికి ఒకే శిక్ష పడిన ఇద్దరిని అనుకోండి. ఒకడిని సెషన్స్ కోర్టు వదిలేసింది, హైకోర్టు దాన్ని తిరగేసి యావజ్జీవం వేసింది. వాడికి సుప్రీంకోర్టులో అప్పీలు హక్కు. ఉరిశిక్షకైతే 134వ ఆర్టికల్లోనే ఆ హక్కు ఉంది. పదేళ్లు, ఆపైన శిక్షలకు దాన్ని 1970 చట్టం చేర్చింది. రెండోవాడికి రెండు కోర్టులూ యావజ్జీవమే వేశాయి. వాడు అనుమతి అడుక్కోవాలి. ఇందులో తర్కం ఉంది, కాదనను. ఒక్క కోర్టే దోషి అన్నవాడికి ఇంకో చూపు దక్కాలి. కానీ జైల్లో పక్కపక్కన పడుకునే ఆ ఇద్దరికీ దీన్ని చెప్పేవాళ్లు లేరు. "వాడి కేసు విన్నారు, నాది వినలేదు, వాడు ఎవరికి ఎంత ఇచ్చాడు?" అని ఒకాయన నన్నే అడిగాడు. కారణం రాయనిచోట జనం వాళ్లకు తోచిన కారణం రాసుకుంటారు.

మా చెన్నైవాళ్ల లేఖ అనగానే దక్షిణాదికి సుప్రీంకోర్టు బెంచి అడుగుతున్నారని మీ ఆఫీసులో ఎవరైనా పక్కన పెట్టేయవచ్చు. ఆ కోరికా తప్పేం కాదు. 130వ ఆర్టికల్ ప్రకారం రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి కోర్టును ఢిల్లీ బయట కూడా కూర్చోబెట్టవచ్చు. లా కమిషన్ 2009లో ఢిల్లీ బయట అప్పీలు బెంచీలు పెట్టమంది. మన నెల్లూరాయన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉండగా చెన్నైతో మొదలుపెట్టి చూడమన్నారు. జాతీయ అప్పీలు కోర్టు కావాలని మా చెన్నై వకీలు ఒకాయన వేసిన పిటిషన్‌ను 2016లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. సుప్రీంకోర్టులో కేసు దాఖలు చేసే అడ్వకేట్ ఆన్ రికార్డ్ ఆఫీసు కోర్టుకు పదహారు కిలోమీటర్లలోపే ఉండాలన్న నిబంధన చదివినప్పుడల్లా పళ్లిపట్టు నుంచి అదెన్ని కిలోమీటర్లో నేనూ లెక్కేసుకుంటాను. బెంచి కావాలని సంతకాలు సేకరిస్తే నేనూ పెట్టాను. కానీ 2022లో ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాక నా బుద్ధి కొంచెం మారింది. ఆ రోజు ఢిల్లీ మా బల్లమీదికే వచ్చింది. అయినా బావకు ఏమీ అర్థం కాలేదు. రేపు బెంచి మా హైకోర్టు పక్కనున్న పారిస్ కార్నర్‌లో పెట్టినా, రెండు నిమిషాల్లో ‘డిస్మిస్డ్’ అంటే ఆయన రైలు చార్జీ మిగులుతుంది, అంతే.

కాబట్టి నేను అడిగేది చిన్నది. కొట్టేసిన ప్రతి ఎస్సెల్పీకి రెండు మూడు వాక్యాల కారణం, పార్టీ చదువుకోగల భాషలో.

అది జడ్జీల పని, నా చేతిలో లేదు అనకండి. జడ్జీలు ఏం తేల్చాలో మీరు చెప్పకూడదు, ఒప్పుకుంటాను. కానీ 145వ ఆర్టికల్ ప్రకారం సుప్రీంకోర్టు తన నిబంధనలు రాసుకునేది రాష్ట్రపతి ఆమోదంతో, పార్లమెంటు చేసిన చట్టానికి లోబడి. ఆ ఆమోదం ఫైలు నడిచేది మీ బల్లల మీదుగానే. ప్రధాన న్యాయమూర్తి గారికి ఒక లేఖ రాసి, ఈ మార్పు ఆలోచించమని అడగడానికి మీకు ఏ అడ్డూ లేదు.

కోర్టువాళ్లు చెప్పబోయే జవాబులు నాకు తెలుసు. మొదటిది, పని భారం. పెండింగ్ కేసులు ఎనభై వేలు దాటాయి. 2019లో పెంచాక జడ్జీల సంఖ్య 34. కొత్త కేసుల రోజున ఒక్కో బెంచి ముందు పదులకొద్దీ ఫైళ్లు ఉంటాయి, వాటిని ముందురోజు ఇంటి దగ్గరే చదువుకుని వస్తారు. నిజమే, ఆ శ్రమను నేను తక్కువ చేయను. రెండో జవాబు ఇంకా గట్టిది. కారణం రాస్తే, అందులో చెప్పిన చట్టం 141వ ఆర్టికల్ కింద దేశంలోని కోర్టులన్నిటికీ కట్టుబాటు అవుతుంది. తొందరలో రాసిన వాక్యం రేపు ఎవరి మెడకో చుట్టుకుంటుంది. అందుకే మౌనం మేలు అనుకుంటారు. ఇది నేను కొట్టిపారేయలేను. అందుకే తీర్పు రాయమనడం లేదు. అచ్చు వేసిన ఫారం చాలు. సరిపడే కారణం దగ్గర టిక్కు పెడితే చాలు. ఇది వేరే కేసులకు పూర్వ తీర్పుగా చెల్లదని ఆ ఫారంలోనే ఉంటే 141 భయం కూడా తీరుతుంది. రిజిస్ట్రీ, అంటే కోర్టు ఆఫీసు, చేయగల పని, జడ్జి చేయాల్సింది పెన్ను గీత. తీర్పుల్ని తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లోకి అనువదించి పెడుతున్న కోర్టుకు నాలుగు వాక్యాల ఫారం బరువు కాదు.

కాదనేటప్పుడు కారణం చెప్పడం ఆ కోర్టుకు కొత్త కూడా కాదు. తెలంగాణ పోరాటంలో ఉరిశిక్ష పడిన పన్నెండు మంది కేసు తెలుగువాళ్లకు గుర్తుండాలి. 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు వాళ్ల శిక్షలు ఖాయం చేసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. అంతకుముందే ముగిసిపోయిన తీర్పు మీద 136 కింద వినే అధికారం మాకు లేదని సుప్రీంకోర్టు అంది. కొన్ని వారాల తేడాతో తలుపు మూసుకుపోయింది. ఆ శిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి, అది వేరే కథ. తలుపు ఎందుకు తెరవలేదో ఆ కోర్టు పేజీల కొద్దీ రాసిపెట్టింది. ఒప్పుకోనివాడు ఇవాళ కూడా ఆ పేజీ తీసి, ఇదిగో ఇక్కడ తప్పు అని వేలు పెట్టి చూపించవచ్చు. మా బావకు వేలు పెట్టడానికి ఒక్క వాక్యం లేదు.

ఉరిశిక్ష అప్పీళ్లను ఇప్పుడు కనీసం ముగ్గురు జడ్జీలు వింటారు. 2014 నుంచి ఆ కేసుల్లో రివ్యూను కూడా ఓపెన్ కోర్టులో, అరగంటకు మించకుండా వినాలని కోర్టే తనకు తాను నియమం పెట్టుకుంది. అంతకుముందు రివ్యూ అంటే చాంబర్లో ఫైలు తిప్పి తేల్చడమే. ప్రాణం పోయే కేసుకు అరగంట దొరికింది. బావి కేసుకు అరగంట అడగను, అరపేజీ ఇవ్వండి.

గుమస్తా బుద్ధి ఊరుకోదు, ఫారం నమూనా కూడా నేనే రాశాను. మీవాళ్లు దిద్దుకోవచ్చు:

"మీ అప్పీలు వినడానికి ఈ కోర్టు అనుమతి ఇవ్వలేదు. కారణం (సరిపడే దానికి టిక్కు): వాస్తవాల మీద కింది కోర్టులన్నీ ఒకే మాట చెప్పాయి. ఈ కోర్టు తేల్చాల్సిన చట్టపు ప్రశ్న లేదు. గడువు దాటింది. మీకు వేరే దారి ఉంది. ఈ ఉత్తర్వు హైకోర్టు తీర్పు సరైనదని చెప్పినట్టు కాదు, తప్పని చెప్పినట్టూ కాదు. ఇది వేరే కేసులకు పూర్వ తీర్పుగా చెల్లదు. చట్టప్రకారం హైకోర్టులో రివ్యూ కోరే అవకాశం మీకు ఉంటే, అది దీనివల్ల పోదు."

ఇట్లు,
ఒక మాజీ వకీలు గుమస్తా
పెరంబూరు, చెన్నై