కారు తోసే ముందు కాస్త చెవి పెట్టి వినండి

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం మీ పేపర్లో, కారు స్టార్ట్ కాకపోతే ఇంటి దగ్గరే ఏం చేయొచ్చో చెప్తూ ఓ చిన్న వ్యాసం వేశారు. గేర్ల కారైతే సెకండ్ గేర్లో పెట్టి నలుగురూ తోయండి, క్లచ్ వదలండి, అయిపోయిందన్నారు. తప్పని అనను. ముప్పై ఏళ్లుగా తోసినవాణ్ణే, తోయించుకున్నవాణ్ణే. కానీ తోయడం ఆఖర్న చేసే పని. దాన్ని మొదటే చెప్పేసి అసలు సంగతి వదిలేశారు కాబట్టి ఈ ఉత్తరం.

పోయిన శీతాకాలం ఓ పెళ్లికి పొద్దున్నే బయల్దేరాలి, పట్టుచీరలు, గిఫ్టు ప్యాకెట్లు అన్నీ ఎక్కాయి, తాళం తిప్పితే టిక్‌టిక్‌టిక్‌టిక్ అని ఒకటే చప్పుడు, డాష్‌బోర్డు లైట్లు మినుకుమినుకుమంటున్నాయి. మా వీధి చివర మెకానిక్‌ని పిలిస్తే వచ్చి, బానెట్ కూడా ఎత్తకుండా, సెల్ఫ్ మోటార్ పోయింది సార్, ఆరున్నర వేలవుతుంది అన్నాడు (తాళం తిప్పగానే ఇంజన్‌ని మొదట తిప్పి లేపేది ఈ మోటారే). ముహూర్తం టెన్షన్లో సరేననబోయాను. ఈలోపు మా బావమరిది (ఊళ్లో ట్రాక్టర్ వాడిదే, రిపేరూ వాడిదే) బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ (వైరు బిగించే కొన) పట్టుకుని చూశాడు. "బావా, ఇది చేత్తో తిరుగుతోంది చూడు" అన్నాడు. నిజమే, దాని చుట్టూ తెల్లగా, అక్కడక్కడా పచ్చగా, ఉప్పు పేరుకున్నట్టు పొడి. పది నంబరు పానా తెచ్చి విప్పాడు, వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి ఆ పొడంతా కరిగిపోయింది, గుడ్డతో తుడిచి గట్టిగా బిగించి పైన కాస్త వ్యాజలిన్ రాశాడు. పావుగంట. తాళం తిప్పగానే లేచింది. ఆ సెల్ఫ్ మోటారే ఇవాళ్టికీ నడుస్తోంది.

ఒక మాట, విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. ప్లస్ దగ్గర పానా తిప్పుతుంటే అవతలి కొన కారు బాడీకి తగిలిందనుకోండి, మైనస్ ఊడదీసి ఉంటే ఏమీ కాదు, లేకపోతే నిప్పులు రాలతాయి.

నేను చెప్పొచ్చేదేంటంటే, కారు తన రోగం తనే చెప్తుంది. గబగబా టిక్‌టిక్‌మంటే చాలాసార్లు బ్యాటరీ డౌనో, టెర్మినల్ లూజో. లైట్లు బాగా వెలుగుతూ ఒక్కసారి టక్ మని ఊరుకుంటే అప్పుడు సెల్ఫ్ మోటార్ని అనుమానించండి. అసలు చప్పుడే లేకపోతే క్లచ్ చూడండి, ఇప్పటి కార్లు చాలావాటికి క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది. మా పక్కింటాయన రెండు గంటలు కుస్తీ పట్టాక తేలిందేంటంటే, కొత్తగా కొన్న మ్యాట్ జారి పెడల్ కిందికి పోయింది! ఇక ఇంజన్ గిరగిరా తిరుగుతూ అందుకోవడం లేదంటే సమస్య బ్యాటరీది కాదు. తాళం ఆన్ చేసి వినండి, వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు జుయ్ మని పెట్రోల్ పంప్ శబ్దం రావాలి. రాకపోతే ఫ్యూజు చూడండి, ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి. (బానెట్‌లో పొగాకు కాడలు పెడితే ఎలుకలు రావంటారు. నేనూ పెట్టాను. ఘాటున్నన్నాళ్లు రాలేదు, తర్వాత మామూలే.) అన్నట్టు సెల్ఫ్ కొడితే పది సెకన్లు మించకూడదు, మళ్లీ కొట్టే ముందు కాసేపు ఆగాలి, లేకపోతే బాగున్న మోటారూ కాలుతుంది.

ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందలకే వోల్టులు కొలిచే మల్టీమీటర్ దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ మీద 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కన్నా తక్కువుంటే ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా దాదాపు 14 చూపాలి, అప్పుడూ పన్నెండున్నర దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) బ్యాటరీని ఛార్జ్ చేయడం లేదు, కొత్త బ్యాటరీ కొన్నా నాలుగు రోజుల్లో మళ్లీ ఇదే కథ.

ఇప్పుడు తోయడం సంగతి. ఇప్పటి ఇంజెక్షన్ కార్లకి (ఇంజన్లోకి పెట్రోల్‌ని కంప్యూటర్ లెక్క ప్రకారం చిమ్మేవి) పెట్రోల్ పంప్‌కీ, లోపలి కంప్యూటర్‌కీ ఎంతో కొంత కరెంటు ఉండాలి. డాష్‌బోర్డు లైట్లే వెలగనప్పుడు విజయవాడ నుంచి గుంటూరు దాకా తోసినా లేవదు. కాస్త వెలుగుతుంటే తాళం ఆన్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి సెకండ్ గేర్ వేసి, మనిషి పరుగంత వేగం వచ్చాక క్లచ్ టక్కున వదిలి, ఇంజన్ అందుకోగానే మళ్లీ తొక్కాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్రేక్ రాయిలా ఉంటుంది, పవర్ స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది, ఇది మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద ఈ ప్రయోగం చేయబోయి మా బ్లాకులో ఒకాయన గేటుని గుద్దేశాడు.

నీళ్లలో మునిగిన కారుని మాత్రం తోయనూ వద్దు, తాళమూ తిప్పొద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి మా విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు, నీళ్లు తీశాక స్టార్ట్ అవుతుందేమోనని ఆశగా తాళం తిప్పి ఇంజన్ పోగొట్టుకున్నవాళ్లు మాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు. సిలిండర్లోకి వెళ్లిన నీళ్లు పిస్టన్ ఎంత నొక్కినా అణగవు, దాంతో పిస్టన్‌కి తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోకపోతే ఆ ఖర్చు ఇన్సూరెన్స్‌వాళ్లు సాధారణంగా ఇవ్వరు. మైనస్ టెర్మినల్ ఊడదీసి, కారుని ఎత్తించుకుని తీసుకెళ్లడమే.

చివరగా, ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చుకునే జంపర్ కేబుల్ గురించి మీరు వేసిన బొమ్మలో నాలుగు క్లిప్పులూ బ్యాటరీల మీదే ఉన్నాయి. ఎర్ర వైరు రెండు ప్లస్‌లకీ పెట్టాలి, నల్ల వైరు ఒక కొన మంచి బ్యాటరీ మైనస్‌కి, రెండో కొన మాత్రం ఆగిపోయిన కారు బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇంజన్ ఇనుముకి. ఆ ఆఖరి క్లిప్పు తగిలేటప్పుడే నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గ్యాస్ మండే గుణమున్నది. వచ్చే ఆదివారం ఆ బొమ్మ సరిచేసి మళ్లీ వేయండి, కొంచెం పెద్దదిగా.

- మీ పాఠకుడు, విజయవాడ