నేల తేమ చూసి మోటారు వేసే ఐఓటీ కిట్‌లో లోపాలపై ఫిర్యాదు

అనంతపురం

కస్టమర్ సేవల విభాగం మేనేజరు గారికి,

విషయం: మీ ఐఓటీ కిట్ మాన్యువల్‌లోని ప్రమాదకరమైన వైరింగు బొమ్మ, తప్పు ప్రోగ్రాము, నాసి విడిభాగాలు, 12 కిట్లను సరిచేసి ఇవ్వాలని విన్నపం.

అయ్యా,

పాలిటెక్నిక్ విద్యార్థులకు, యువ రైతులకు నేర్పడానికి మీ దగ్గర 12 కిట్లు కొన్నాం. ఐఓటీ, అంటే ఇంటర్నెట్‌కు కలిసిన వస్తువు, ఏమిటో కొత్తవాళ్లకు చెప్పడానికి ఇలాంటి కిట్టే సరైనది. నేల తడిని కొలిచే సెన్సరు, ఆ అంకెను చదివి వై-ఫై మీదుగా పంపే ఈఎస్‌పీ8266 బోర్డు, ఆ సందేశాలను తపాలా కచేరీలా అందుకుని చేరవేసే ఎంక్యూటీటీ సర్వరు, అక్కడి నుంచి ఆదేశం రాగానే టిక్కుమనే రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చు. ఈ నాలుగూ బోధపడితే మిగతా పరికరాలన్నీ వీటి బంధువులే. కాని మీ మాన్యువల్‌ను అక్షరం పొల్లుపోకుండా పాటించినవాడికి పరికరం పనిచేయదు. పనిచేస్తే అపాయం.

అన్నిటికంటే ముందు 14వ పేజీలోని బొమ్మను ఆపించండి. అందులో త్రీఫేజ్ బోరు మోటారు తీగ ఒకదాన్ని నేరుగా రిలే గుండా పంపారు. రిలే మీద రాసి ఉన్నది 10 ఆంపియర్లు, 250 వోల్టులు. అది హీటరులాంటి లోడుకు చెప్పిన లెక్క. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకున్నా, లేచేటప్పుడు దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే లోపలి పలకలు అతుక్కుపోతాయి. ఫోనులో ‘ఆఫ్’ అని కనిపిస్తుంటుంది, మోటారు మాత్రం నడుస్తూనే ఉంటుంది. పలకలు అతుక్కోకపోయినా అది తెంచేది ఒక్క ఫేజునే. మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు మూలుగుతూ వైండింగు కాల్చుకుంటుంది. బోరులో నీళ్లు దొరకడమే గగనమైన జిల్లాలో మోటారు కాలితే ఆ పంట చేతికి రానట్టే.

రిలే తాకవలసింది స్టార్టరు కంట్రోలు వైరింగును మాత్రమే. పచ్చ బటనుకు సమాంతరంగా ఒక రిలే ఉండి సెకనుసేపు మూసుకోవాలి. ఎర్ర బటను తీగకు వరుసలో ఇంకో రిలే ఉండి సెకనుసేపు తెరుచుకోవాలి. అంటే రెండు రిలేలు కావాలి, మీరిచ్చింది ఒక్కటి. పైగా పొలం స్టార్టర్లలో చాలావాటి కాయిల్ 415 వోల్టులది, మీ రిలే హద్దు 250 కాబట్టి, మధ్యలో 240 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న కాంటాక్టర్లు (ఎక్కువ వోల్టేజీని తట్టుకునే రిలేల్లాంటి స్విచ్చులు) తప్పవు. ఇది ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని అని పెద్ద అక్షరాలతో రాయండి. మొదటి పాఠానికి 12 వోల్టుల సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే నీటి కవాటం), ఆపినప్పుడు ఎగదన్నే వోల్టేజీని మింగడానికి దాని కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడు చాలు.

రిలేను డీ4 పిన్నుకు కలపమన్నారు. బోర్డు లేచేటప్పుడు ఆ పిన్ను వోల్టేజీ తనంతట తానే కిందికీ (‘లో’) పైకీ (‘హై’) కొట్టుకుంటుంది. మీ రిలే సిగ్నలు కిందికి వస్తే ఆన్ అయ్యే రకం. అందుకే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరూ చెప్పకుండానే టకటకమంటుంది. డీ1 లేదా డీ2 వాడమనండి. ప్రోగ్రాములో ముందు పిన్నును ‘హై’ చేసి, ఆ తర్వాతే ‘అవుట్‌పుట్’ అని ప్రకటించాలి. మీరు ఈ క్రమాన్ని తిరగేశారు.

ప్రోగ్రాములో దీనికంటే పెద్ద తప్పు ఉంది. మీరిచ్చిన రెండు కాళ్ల సెన్సరు ఎండిన మట్టిలో 1023 దగ్గర, తడి మట్టిలో తక్కువ అంకె చూపిస్తుంది. మీ షరతు ‘500 దాటితే తడి, మోటారు ఆపు’ అంటోంది. ఎండిన చేనుకు నీళ్లు ఆపి, తడిసిన చేనుకు పారించే ప్రోగ్రాము అది. అసలు 500 అనే అంకె అందరికీ సరిపోదు. ఇక్కడి ఎర్రనేల అంకె వేరు, తాడిపత్రి వైపు నల్లరేగడి అంకె వేరు. ఎవరి చేని మట్టిని వాళ్లు ఆరబెట్టి ఒకసారి, బాగా తడిపి నీరు ఓడ్చాక ఇంకోసారి కొలిచి, రెంటి మధ్య అంకె ఎంచుకోవాలని రాయండి.

ఆ సెన్సరు గతి కూడా చూడండి. మూడు వారాలు మట్టిలో ఉంచి తీస్తే ఒక కాలు మీద పూత పోయి, రాగి పచ్చగా చిలుము పట్టి, అంచు ఎలుక కొరికినట్టు తరిగిపోయింది. రెండో కాలు దాదాపు కొత్తగానే ఉంది. ఎప్పుడూ ఒకే దిశలో కరెంటు పారడం వల్ల ప్లస్ వైపు లోహం కరిగి మట్టిలో కలుస్తోంది. ఉప్పు బోరు నీళ్లయితే ఇంకా తొందరగా పోతుంది. సెన్సరుకు కరెంటును డీ5 పిన్ను నుంచి ఇచ్చి, అరగంటకోసారి వెలిగించి, 100 మిల్లీసెకన్లు ఆగి, చదివి, ఆర్పేస్తే చాలాకాలం మన్నుతుంది. కెపాసిటివ్ రకం పంపితే ఇంకా మేలు, దానికి లోహం మట్టిని తాకదు.

చిన్నవి రెండు. 12 యూఎస్‌బీ కేబుళ్లలో 5 ఛార్జింగువి, డేటా తీగలే లేవు. కంప్యూటరులో పోర్టు కనిపించక విద్యార్థులు డ్రైవర్ల మీద డ్రైవర్లు ఎక్కించారు. ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైనే పడుతుందని మాన్యువల్‌లో ఎక్కడా లేదు. ఫోను హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే ఎంత వెతికినా కలవదు.

చివరిది తాళం సంగతి. అన్ని కిట్లకూ ఒకే యూజరు పేరు, ఒకే పాస్‌వర్డు, ఒకే టాపిక్ (సర్వరులో సందేశాలు చేరే చిరునామా), గుప్తీకరణ లేని 1883 పోర్టు. ఒక బల్ల మీద బటను నొక్కితే పక్క బల్ల మీది రిలే కూడా పడింది. అంటే మీ కిట్ కొన్న ఎవరైనా ఇంకో ఊళ్లోని మోటారు వేయగలరు. దానికితోడు ‘ఆన్’ ఆదేశాన్ని సర్వరు దాచిపెట్టుకునేలా రిటెయిన్ పెట్టారు. సాయంత్రం ఇచ్చిన పాత ఆదేశం, అర్ధరాత్రి కరెంటు రాగానే మళ్లీ అమలవుతుంది. ఆదేశాలకు రిటెయిన్ తీసేయండి. ప్రతి బోర్డుకూ వేరే పాస్‌వర్డు, వేరే టాపిక్, గుప్తీకరణ ఉన్న 8883 పోర్టు ఇవ్వండి. నెట్ ఉన్నా లేకున్నా గడువు దాటితే బోర్డే మోటారు ఆపేలా ప్రోగ్రాము మార్చండి.

మేం కోరేవి ఇవి: 14వ పేజీ వాడవద్దని కొన్నవారందరికీ వారం లోపు సందేశం, సరిచేసిన తెలుగు మాన్యువల్, ప్రోగ్రాము, 12 కిట్లకూ కెపాసిటివ్ సెన్సర్లు, రెండేసి రిలేలు, 5 డేటా కేబుళ్లు. సరైన వాడకం చెప్పకపోవడం, ప్రమాద హెచ్చరిక లేకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 కిందికి వస్తాయి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైనులో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. చిలుము పట్టిన సెన్సరు, పాత ప్రోగ్రాము ప్రతి, 14వ పేజీ ఫొటో ఈ లేఖతో జతచేశాం.

ఇట్లు,
శిక్షణ తరగతి బోధకులు,
అనంతపురం