కోడి కంపెనీది, పెంట మనది

క్లింటన్, నార్త్ కరోలినా

చిన్నాన్నకి, పిన్నికి నమస్కారాలు.

కోళ్ల కంపెనీ ఏజెంటు ఒడిశాలోని కాశీనగర్ నుంచి మన ఇంటికి తిరుగుతున్నాడని, ఏటిగట్టు చేనులో షెడ్డు వెయ్యడానికి నువ్వు దాదాపు ఒప్పేసుకున్నావని చెల్లి చెప్పింది. ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. సంతకం పెట్టేలోపు చదువు.

నేను మందుల షాపులో పనిచేసే ఈ ఊరు సాంప్సన్ కౌంటీలో ఉంది, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పక్కనే డూప్లిన్ కౌంటీ. అక్కడ మనుషులు యాభై వేలకి అటూ ఇటూ, పందులు దాదాపు 20 లక్షలు! అన్నీ పొడుగాటి షెడ్లలోనే. పెంట, మూత్రం నేలలోని సందుల్లోంచి కిందికి జారి బయట చెరువంత గుంటలోకి పోతాయి. ఇక్కడ దాన్ని లగూన్ అంటారు. అందులో నీళ్లు చాలాచోట్ల గులాబీ రంగులో ఉంటాయి. గుంట నిండుతుంటే స్ప్రింక్లర్లతో గడ్డి పొలాల మీద చిమ్ముతారు. గాలివాటున ఉన్న ఇళ్లవాళ్లు ఆ రోజు బట్టలు బయట ఆరెయ్యరు, కిటికీ తియ్యరు. మా షాపుకి వచ్చే ఇన్‌హేలర్ చీటీలన్నిటికీ పందులే కారణమని అనను, ఇది పొగాకు పండే సీమ కూడా. కానీ ఆ కంపు ముక్కుతో ఆగదు, కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది.

ఆ గాలివాటున ఉన్నదెవరో తెలుసా? ఎక్కువమంది నల్లవాళ్లు, తాతలనాటి నేల వదల్లేనివాళ్లు. వాళ్లు పందుల కంపెనీ మీద కోర్టుకెక్కితే 2018లో మొదటి కేసులో పదిమందికి 5 కోట్ల డాలర్లు ఇమ్మని జ్యూరీ, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు జనం, చెప్పింది. ఈ రాష్ట్ర చట్టంలో పరిమితి ఉంది కాబట్టి అది 32 లక్షల 50 వేలకి దిగిపోయింది. పైగా అసెంబ్లీ అలాంటి కేసులు వెయ్యడమే కష్టమయ్యేలా చట్టం మార్చేసింది. మన చేనుకి దిగువన ఉన్నది సవర గిరిజనుల వాడ. వాళ్లు తాగేది ఏటి పక్క బావి నీళ్లే. వాళ్ల తరఫున ఏ జ్యూరీ వస్తుంది?

ఇక ఒప్పందం సంగతి. పందుల రైతుకి ఇక్కడ జరిగేది, నీకు ఏజెంటు చెప్పేది ఒకటే లెక్క. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలీలు, బ్యాంకు లోను నీవి. పెంచినందుకు కిలోకి ఇంత అని గ్రోయింగ్ ఛార్జీ ఇస్తారు. నలభై రోజులకి లారీ వచ్చి కోళ్లని ఎత్తుకుపోతుంది. తడిసిన ఊక, ఈగలు, చచ్చిన కోళ్లు మాత్రం నీకు మిగులుతాయి. రోగం వస్తే? 2025 ఫిబ్రవరిలో తణుకు వైపు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశావుగా. షెడ్డు ఖాళీగా ఉన్నన్నాళ్లు లోను వాయిదా ఎవరు కడతారో అతన్ని అడిగావా?

వరద మాట కూడా చెప్పాలి. 2018 సెప్టెంబర్‌లో ఫ్లోరెన్స్ తుపాను వచ్చి ఇక్కడ 34 లక్షల కోళ్లు, 5,500 పందులు చచ్చాయి, పదుల సంఖ్యలో లగూన్లు పొంగాయి. తర్వాతి నెలలోనే మనకి తిత్లీ వచ్చింది. వంశధార ఎంతవరకు ఎక్కిందో నాకన్నా నీకే బాగా తెలుసు. అప్పుడు ఆ చేనులో కోళ్ల పెంట గుట్ట ఉండుంటే ఏమయ్యేది?

ఇంకొకటి. మన దేశంలో 2022 నుంచి 5 వేల కోళ్లు దాటితే కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి కావాలి. ఇళ్లకి 500 మీటర్లు, ఏటికీ తాగునీటి బావికీ 100 మీటర్లు దూరం ఉండాలని కేంద్ర బోర్డు మార్గదర్శకాలు. మన చేను గట్టుని ఆనుకునే ఉంది కదా! "నాలుగు వేల తొమ్మిది వందలని రాయిద్దాం" అన్నాడట ఆ ఏజెంటు, చెల్లి చెప్పింది. అంటే రూల్ అతనికి తెలుసన్నమాట.

మందుల సంగతి కూడా అడుగు, ఇది నా పని కాబట్టి నాకు టెన్షన్. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని 2019లోనే మన ప్రభుత్వం కోళ్లకీ పశువులకీ నిషేధించింది. మనుషులకి ఇంకే మందూ పనిచెయ్యనప్పుడు వాడేది అది. మేతలో, నీళ్లలో ఏం కలుపుతారో పేర్లతో రాసిమ్మను.

కోళ్లు పెంచొద్దని కాదు. పిన్ని పెరట్లో నాటుకోళ్లు పెంచినన్నాళ్లూ వీధిలో ఎవరూ ముక్కు మూసుకోలేదు. చెల్లి ఫీజు కోసమే ఈ పని అయితే ఆ డబ్బు నేను పంపుతాను, అప్పని రాసుకో, పంటకి ఇంతని తీర్చు.

ఒప్పందం కాగితాలు ఒడియాలో ఉంటాయి, నువ్వు చదవలేవు. చెల్లి చేత ప్రతి పేజీ ఫోటో తీయించి పంపు. చచ్చిన కోళ్లు, పెంట ఎవరివని ఏ పేజీలో ఉందో ముందు వెతకమను. ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాను, ఏజెంటుకి అప్పటిదాకా ఊళ్లో లేనని చెప్పు.

మీ అమ్మలు