కొండకు ఒక్క రకం వేరు చాలదు

సంపాదకులకు,

మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. అరుగు మీద కూర్చుంటే ఒడిశా వైపు మహేంద్రగిరి కనిపిస్తుంది. మొన్న జులైలో మా ఊరి వెనక చిన్న కొండకు మొక్కలు నాటించారు. గోతులు బాగానే తీశారు, వరసలు తాడు పట్టినట్టున్నాయి. మొక్క మాత్రం ఒక్కటే, నీలగిరి. పచ్చదనం వస్తుంటే వద్దనే మనిషిని కాను. కానీ నేల లోపల ఏం పెరుగుతుందో ఎవరికీ పట్టినట్టు లేదు.

నాకు ఆ లోపలి సంగతి చూపించింది తిత్లీ తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారేసరికి నా నాలుగెకరాల జీడితోటలో మూడొంతుల చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. నెల రోజులు రంపం పెట్టి కోయిస్తూ, వేరే పని తోచక ఆ వేర్లే చూస్తూ కూర్చున్నాను. చాప పరిచినట్టున్నాయి, మందం రెండడుగులు దాటలేదు. కోతకొచ్చిన కూలీ ఒకాయన పలుగుతో పొడిచి చూసి, ‘ఇదేటి బాబూ, తల్లివేరే లేదు, అన్నీ పిల్లవేర్లే’ అన్నాడు. కొన్నింటికి తల్లివేరు ఉంది గానీ పాము చుట్టలా మెలితిరిగిపోయింది. నర్సరీ సంచిలో ముదిరిన మొక్కలు చవగ్గా వస్తున్నాయని తెచ్చినవాణ్ణి నేనే, ఆ తప్పు నాది.

తోట ఉత్తరపు గట్టున మా తాత కొట్టించకుండా వదిలేసిన పనస, నేరేడు, కరక, వేప ఉన్నాయి. వాటి మధ్య ఇరుక్కుని ఏడు జీడిచెట్లు. ఏడింట్లో ఒక్కటే పడింది. అటు గాలి తగ్గిందేమో, గట్టు ఎత్తు కలిసొచ్చిందేమో, దాని మీద పందెం కాయను. మరుసటి ఏడు కొత్త మొక్కలకు గోతులు తీయించినప్పుడు మాత్రం తేడా కళ్లారా చూశాను. జీడి ఒక్కటే ఉన్నచోట పై జానెడు మట్టిలో జుట్టులాంటి వేర్లు కిక్కిరిసి ఉన్నాయి. మోకాలి లోతు దాటితే ఉత్త ఎర్రమట్టి. గట్టు దగ్గర నడుము లోతున కూడా పార అంచుకి పీచు తగిలింది. ఒకటి నల్లగా, ఒకటి ఎర్రగా. ఇంకోటి కొరికి చూస్తే వేప చేదు!

రెండు మిల్లీమీటర్ల లోపు ఉండే ఈ సన్నవేర్లే చెట్టుకు నీళ్లూ ఎరువూ తాగించేవి. చచ్చాక మట్టికి బలమయ్యేవీ అవే. అన్నీ ఒకే జాతి అయితే ఒకే లోతులో నీటి కోసం కొట్టుకుంటాయి, ఆ జాతికి పట్టే బూజులూ ఆ మట్టిలోనే పేరుకుంటాయి. చైనాలో జియాంగ్‌షీ కొండల మీద 2009 నుంచి ఒక్క జాతి మొదలు 24 జాతుల దాకా మళ్లు కట్టి పెంచి చూశారు. 16 జాతులు కలిపిన మళ్లలో ఎనిమిదేళ్లకు చెట్లు నిల్వ చేసిన కర్బనం ఒంటి జాతి మళ్ల సగటుకు రెట్టింపు దాటింది. అది నేల పైన లెక్క. వేర్ల లెక్క అంత సూటిగా లేదు. జర్మనీలో హైనిక్ అడవి తవ్వి చూస్తే, జాతులు పెరిగినంత మాత్రాన సన్నవేర్ల బరువేమీ పెరగలేదు. కాబట్టి చేతికందిన నాలుగు రకాలు కలిపేస్తే సరిపోదు. లోతుకి దిగేది, పైన పరుచుకునేది పక్కపక్కన పడాలి.

ఇది ఉద్దానానికి కొత్త విద్యా కాదు. కొబ్బరికి తల్లివేరు ఉండదు, పనిచేసే వేర్లు ఎక్కువగా మొదలు చుట్టూ రెండు మీటర్లలోనే ఉంటాయి. ఏడున్నర మీటర్లకొక చెట్టు వేస్తే నేలలో నాలుగో వంతు కూడా వాడుకోదు. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరిలో అంతరపంటలు వేయమనేది ఇందుకే. మా ముసలాళ్లు ఎవరూ చెప్పకుండానే కొబ్బరి సందుల్లో పనస పెట్టారు.

నాటినవి పీకమని అడగడం లేదు. వేసవికి ఎలాగూ కొన్ని ఎండుతాయి. ఆ గోతుల్లోనైనా మహేంద్రగిరి అడవిలో ఉండే మద్ది, ఇప్ప, కరక, నేరేడు పెట్టించండి. సంచి మొక్కలు దొరక్కపోతే గింజలు గుచ్చినా చాలు. జూన్‌లో మా గట్టు కింద నేరేడు గింజలు కాళ్లకు అడ్డం పడుతుంటాయి. ఎవరైనా గోనెసంచి పట్టుకొస్తే నేనే ఏరి ఇస్తాను.

– ఒక జీడి రైతు, మందస మండలం